శ్రుతి సన్నాయి

విజయదుర్గకు కుదురుండదు. కాలేజీ సన్నాయి బృందంలో అందరికంటే ముందు అందుకునేది ఆమే. తన వంతు వచ్చేదాకా సన్నాయి కొసన ఊదే పీక ఊడదీస్తుంది, తడుపుతుంది, మళ్లీ బిగిస్తుంది. మోకాలు ఆడిస్తూనే ఉంటుంది. ఆ రోజు సాయిబాబు మాస్టారు, వానకు ముందు కొబ్బరితోటలో లేచే గాలిని ఒకరినొకరు వింటూ తోచినట్టు ఊదమన్నారు. ఆమెకు మాత్రం శ్రుతి సన్నాయి ఇచ్చి, "నువ్వు ఈ ఒక్క స్వరమే పట్టుకోవాలమ్మా," అన్నారు. "ఆయ్, అలాగేనండి," అంది గానీ ముఖం మాడ్చుకుంది.

మిగతావాళ్లు ఒక్కొక్కరూ గాలి లేపుతుంటే ఆమెకు ఆ ఒక్క స్వరం మీద మనసు నిలవలేదు. ఇక ఉండబట్టలేక స్వరం వదిలేసి, తనూ ఓ సుడిగాలి తిప్పింది. అందరి సన్నాయిలూ తడబడి ఆగిపోయాయి. "ఆపేసేరేంటి?" అంది విసుగ్గా. "నువ్వు ఆపేవు కదే, ఇంక దేన్ని పట్టుకుని వాయించమంటావు?" అంది పక్కనున్న యామిని. విజయదుర్గ మళ్లీ ఆ ఒక్క స్వరం అందుకుంది. మోకాలు ఆడుతూనే ఉంది. స్వరం మాత్రం కదల్లేదు.