బావి చప్టా ఎక్కనివ్వని మనిషి

సీసాలమ్మ పోయింది. పోయి పదకొండు రోజులైంది. నాకు తెలిసింది మాత్రం మొన్న ఆదివారం, సీతాఫల్‌మండి స్టేషన్ బయట కూరగాయల దగ్గర. నా పక్కన కూర్చుని వంకాయలు ఏరుకుంటున్న మనిషి ఆమె కోడలు. ఒకటి రెండుసార్లు అత్తతో మా గేటు దాకా వచ్చింది కాబట్టి నన్ను గుర్తుపట్టి, "అత్తమ్మ పానం పోయిందమ్మా, దమ్ము ఎక్కువై" అంది. మాకెవరూ చెప్పలేదే అన్నాను. "ఎవలకని చెప్తమమ్మా" అని సంచి సర్దుకుని లేచింది. ఆ రోజు నుంచి నాకు కోపంగా ఉంది. ఎవరి మీదో చెబుతాను. వాళ్లలో నేనూ ఉన్నాను.

ఆమె యూనివర్సిటీలో, కెమిస్ట్రీ ల్యాబులో సీసాలు కడిగేది. హాస్టళ్ల బావుల నుంచి, చుట్టుపక్కల ఇళ్ల నుంచి అక్కడికి నీళ్లు పరీక్షకు వచ్చేవి. ఆ నీళ్లు పట్టే ప్రతి సీసా ముందు ఆమె చేతుల్లో శుభ్రపడాలి. యాసిడ్‌తో కడిగి, వేడినీళ్లలో మరగబెట్టి, బోర్లించి ఆరబెట్టేది. సీసా శుభ్రంగా లేకపోతే పెద్ద చదువుల వాళ్లు చేసే పరీక్ష అంతా వట్టిదే. యాసిడ్‌కు ఆమె వేళ్ల కొసలు పగిలి తెల్లబారిపోయి ఉండేవి. బైబిల్ కూడబలుక్కుని చదువుకునేంత చదువు తప్ప ఇంకేమీ లేదు. అయినా ఏ నీళ్లలో ఏముందో సార్లు మాట్లాడుకుంటుంటే విని విని ఆమెకు అన్నీ వచ్చేశాయి. గదిలో ఆమె ఉన్నట్టు వాళ్లు అనుకుంటే కదా, గొంతు తగ్గించి మాట్లాడుకోవడానికి.

ఆమెకు పేరుంది. పిలిచినవాళ్లు లేరు. అందరికీ సీసాలమ్మే. బతికున్నన్నాళ్లూ నా నోట రాని పేరును ఇప్పుడు అచ్చులో వేసి పెద్ద మర్యాద చేశాననిపించుకోవడం నాకు ఇష్టం లేదు.

అప్పట్లో మేం తార్నాకలో ఆరు వాటాల ఇంట్లో ఒక వాటాలో అద్దెకు ఉండేవాళ్లం. ఆరు వాటాలకూ ఒకే బావి. ఆ ఇంట్లోకి వచ్చిన కొత్తలో కందిపప్పు ఎంతసేపు పొయ్యి మీద ఉంచినా పలుకు పలుకుగానే మిగిలేది. సబ్బు నురగ వచ్చేది కాదు. మావారి తెల్ల చొక్కాలకు ఎర్రటి మరకలు పడేవి. మావారు ఆ ల్యాబు పక్కనే ఆఫీసులో గుమస్తా. ఒకరోజు ఆమెతో ఈ గోడు చెప్పుకుంటే, చర్చి అయిపోయాక వస్తానందట. ఆదివారం మధ్యాహ్నం వచ్చింది, తెల్లచీర కట్టుకుని, కొంగు తల మీదకు లాక్కుని. వచ్చి బావి చప్టా దగ్గర ఆగిపోయింది. ఎక్కలేదు. ఎక్కొద్దని ఎవరూ చెప్పలేదు కూడా. ఆమె ఎక్కడి మనిషో, మాణికేశ్వర్ నగర్లో ఎవరుంటారో, చర్చికి వెళ్లకముందు వాళ్ల తాతలు ఊళ్లో ఏ వాడలో ఉండేవారో మా ఓనరమ్మకు తెలుసు. ఓనరమ్మకు తెలుసని ఆమెకూ తెలుసు. అంతే, చప్టా కింద మన్నులో నిలబడి మాట్లాడటం మొదలుపెట్టింది.

"గీ నీళ్లు బరువు నీళ్లమ్మా. పప్పుకు కావాల్సినయి ముందుగాల మసలబెట్టి చల్లారనియ్యి. అడుగున తెల్లగ పేరుకుంటది, దాన్ని కదల్చకుంట పైపై నీళ్లు వంపుకో" అంది. చొక్కాల మరకలు ఇనుము వల్లనట. తోడిన నీళ్లను ఎత్తు నుంచి ఇంకో గంగాళంలోకి రెండు మూడుసార్లు ధారగా పోసి, తెల్లవారేదాకా కదపకుండా ఉంచి, మడత గుడ్డలో వడగట్టుకోమంది. చేసి చూశాను. పప్పు ఉడికింది. మరకలు తగ్గాయి. ఒకదాని మీద ఒకటి మూడు కుండలు పెట్టి ఇసుక, బొగ్గు నింపడం కూడా ఆమే చూపించింది. పటిక గురించి మాత్రం ప్రతిసారీ హెచ్చరించేది. "పటిక బురదను కిందికి దింపుతది గని రోగాన్ని దింపదు. కంటికి తెల్లగ కనబడ్డయని తాగకున్రి" అనేది. ఆ మాట మేం వినలేదు. విని ఉంటే ఈ రాత వేరేలా ఉండేది.

రెండో ఏడు వానాకాలంలో బావి నీళ్లు వాసన కొట్టసాగాయి. ఓనరమ్మే కబురు పంపి సీసాలమ్మను పిలిపించింది. ఆమె కాగితంలో కట్టి లాల్ దవా పలుకులు తెచ్చింది, ల్యాబులో పర్మాంగనేట్ అంటారే, అవి. "బకెట్ నీళ్లల్ల కరగనిచ్చి పొద్దుగూకినంక బావిల పొయ్యిన్రి. తెల్లారి సూస్తే సన్నగ గులాబీ రంగు మిగిలి ఉండాలె. రంగు మొత్తానికే పోయిందంటే మందును మురికి తినేసిందన్నట్టు. అప్పుడు నాకు చెప్పున్రి. అందాక మసలబెట్టనిది తాగకున్రి" అని రెండుసార్లు చెప్పింది. ఇంతకంటే స్పష్టంగా ఏ ప్రొఫెసర్ చెబుతాడు?

తెల్లారి ఓనరమ్మ చేంతాడు వేసి నీళ్లు తోడింది. రంగు లేదు, గాజులా ఉన్నాయి. ఆరు వాటాల ఆడవాళ్లనూ పిలిచి చూపించింది. "చూసిన్రా, మందు పనిచేసింది. ఎర్రగ ఉన్నయల్లా తెల్లగైనయ్" అంది. ఎర్రనీళ్లు తెల్లబడటం కంటే శుభ్రం ఏముంటుందని మేమందరం తలలూపాం. నేనూ ఊపాను. మెట్రిక్ దాకా చదివినదాన్ని. రోజూ ఇంకో గిన్నె పొయ్యి మీదకు ఎక్కించే పని తప్పిందని సంతోషించాను కూడా. చెప్పిన మనిషి చప్టా ఎక్కి నాలుగు మాటలు గట్టిగా చెప్పగలిగే మనిషైతే మాకు ఆ మాట గుర్తుండేది. కింద నిలబడి చెప్పిన మాట కదా, కిందే వదిలేశాం.

వారం తర్వాత సీసాలమ్మ తనంతట తానే వచ్చింది. రంగు ఉన్నదా పోయిందా అని అడిగింది. మూడుసార్లు పోశామనీ, మూడుసార్లూ పొద్దునకల్లా పోయిందనీ ఓనరమ్మ గొప్పగా చెప్పింది. సీసాలమ్మ ముఖం మారిపోయింది. "మూడుపార్ల మందు తిన్నదంటే బావిలకు ఎక్కడ్నుంచో మురికి దిగుతున్నదమ్మా. నన్ను ఒక్కపారి లోపలికి తొంగి సూడనియ్యున్రి. ఏం ముట్టుకోను" అంది. ఆ ఒక్క కోరిక తప్ప ఆమె మమ్మల్ని ఎన్నడూ ఏమీ అడగలేదు.

ఓనరమ్మ అంది: "నీకు కనబడేది మాకు కనబడదా? మాకు కండ్లు లేవా? ఏం చూడాల్నో గాడ నిలబడే చెప్పు, మేం చూస్తం." తనే వెళ్లి వంగి చూసి, "నీళ్లున్నయ్, ఇంకేం లేవు" అంది. నేను గుమ్మంలో నిలబడి అంతా విన్నాను. అద్దె ఇల్లు, ఓనరమ్మతో ఎందుకని ఊరుకున్నాను. పోతూ పోతూ గేటు దగ్గర సీసాలమ్మ నాతో మెల్లగా అంది, "నువ్వైతే పొల్లకు మసలబెట్టే తాపమ్మా. నా మాట ఇను." అట్లాగే అన్నాను. రెండు రోజులు చేశాను. మూడో రోజు చుట్టాలు వచ్చారు, మరిచిపోయాను.

మా పాపకు అప్పుడు అయిదేళ్లు. జ్వరం వచ్చింది, దిగలేదు. డాక్టరు టైఫాయిడ్ అన్నాడు. పాప పెదవులు ఎండి పొట్టు లేచాయి, జుట్టు గుప్పెళ్లుగా ఊడింది. పదిహేనో రోజున నన్ను పోల్చుకోలేదు. నా వైపు చూసి "అమ్మ ఏది" అని అడిగింది. ఆ మాట విన్నవాళ్లకే తెలుస్తుంది అదెలా ఉంటుందో. నీళ్ల వల్లే వస్తుందని డాక్టరు చెప్పేసరికి ఓనరమ్మకు అవే నీళ్లు తాగే తన మనవడు గుర్తొచ్చాడు. అప్పుడు మనిషిని పరిగెత్తించి సీసాలమ్మను పిలిపించింది. "ఎక్కి చూడు" అంది.

ఆమె చెప్పులు విప్పి, మా ఇంట్లోంచి అద్దం ఒకటి తెమ్మంది. మధ్యాహ్నం ఎండ. చప్టా ఎక్కి, అద్దంతో ఎండను బావిలోకి వాల్చి, లోపలి రాళ్ల మీద చుట్టూ మెల్లగా తిప్పింది. పడమటి వైపు రెండు బారల లోతున వెలుగు ఆగింది. రెండు రాళ్ల సందులోంచి నల్లటి తడి చార కిందకు జారుతోంది. ఆ వైపే, గోడకు అవతల, మా ఆరు వాటాల పాయఖానా గుంత. "గదే" అంది. నేను చెప్పలేదా అని అనలేదు.

అంతా కలిపి తమలపాకులు చుట్టి నోట్లో పెట్టుకునేంత సేపు. ఆ కాసేపటి పనిని మేం నెల రోజులు ఆపాం, ఆమె పాదాలు మా రాళ్లకు తగలకూడదని. ఆ నెలలో మా పాప చావు దాకా వెళ్లి వచ్చింది.

గుంత పూడ్చారు, దూరంగా ఇంకోటి తవ్వారు, బావిలోకి మేస్త్రీని దింపి సందులు సిమెంటుతో మూయించారు, నీళ్లన్నీ తోడి పారబోశారు. ఓనరమ్మ ఎంత శ్రద్ధగా బాగుచేయించిందో అని వాడకట్టంతా మెచ్చుకుంది. సీసాలమ్మ ఊసు ఎవరూ ఎత్తలేదు. ఆ రోజు ఆమె చప్టా దిగి గేటు దాటిందో లేదో, ఓనరమ్మ పసుపు నీళ్లు తెచ్చి ఆమె నిలబడ్డ చోటంతా కడిగింది. కిటికీ పక్కన మంచం మీద పడుకున్న పాపకు అంతకు ముందురోజే తెలివి వచ్చింది. సన్నని గొంతుతో అడిగింది, "పెద్దమ్మ ఎందుకు కడుగుతున్నది?" అని. బురద అయింది అని చెప్పాను. బురద లేదు. నా బిడ్డను బతికించిన మనిషి గురించి నా బిడ్డకు నేను చెప్పిన మొదటి మాట అబద్ధం.

కూరగాయల దగ్గర ఆ కబురు విన్న మర్నాడు మాణికేశ్వర్ నగర్ వెళ్లాను, అడుగుతూ అడుగుతూ. ఇన్నేళ్లలో మొదటిసారి. చిన్న ఇల్లు, గోడకు శిలువ, దాని కింద పూలు వాడిపోయిన ఫోటో. కోడలు నన్ను చూసి గాబరాపడి చాప పరిచింది. మా పాప ఇప్పుడు పెద్ద బడికి పోతున్నది అన్నాను. "అత్తమ్మ చెప్తుండే, ఆ పొల్ల మంచిగైందని చర్చిల దండం పెట్టొచ్చిన అని" అంది. తలెత్తలేకపోయాను. ఎండలో వచ్చాను కదా, కాసిన్ని మంచినీళ్లు ఇవ్వమని అడిగాను. ఆమె ఒక క్షణం నా ముఖంలోకి చూసింది, నిజంగానే అడుగుతున్నానా అని. లోపలికి వెళ్లి గ్లాసు బాగా తోమి నీళ్లు ముంచి తెచ్చింది. నేను చెయ్యి చాపాను. ఆమె నా చేతికి ఇవ్వలేదు. గ్లాసును నా ముందు నేల మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి, గోడకు ఆనుకుని నిలబడింది.