తిరుగుగాలి

బీర్‌గావ్ దాటిన ముప్పావుగంటకు రాయపూర్ నుంచి తిల్దా వెళ్ళే బస్సు ఆగిపోయింది. నెలకిందటి గాలికి ఒరిగి మిగిలిన చెట్లను ఇప్పుడు తీరిగ్గా కొట్టిస్తున్నారు. వాటిలో ఒకటి రోడ్డుకడ్డంగా పడి ఉంది. దాన్ని కోసి పక్కకు లాగేదాకా దారి లేదు. జనం దిగి నీడపట్టు వెతుక్కున్నారు. దుర్గారావు మాత్రం దిగలేదు. నిద్ర పట్టడం లేదని రాయపూర్ రైల్వే ఆసుపత్రిలో రాయించుకొచ్చిన మాత్రల పొట్లం జేబులో ఉంది. చెట్టును కోసే రంపపు చప్పుడు వినలేక కండువా చెవులకు చుట్టుకున్నాడు.

"చిన్నాన్నా! నువ్వేనా? వెనక నుంచి చూసి ఎవరో ముసల్దనుకున్నాను, ఈ ముసుగేంటి?"

చనిపోయిన స్నేహితుడు సత్తిరాజు కూతురు పూర్ణిమ. రాయపూర్‌లో ఒక ఆఫీసులో పని. నెలగా ఏ మనిషి కంట పడకూడదని ఆయన సందులు మారి తిరుగుతున్నాడో ఆ మనిషి. సత్తిరాజు పదోరోజు కర్మకు కూడా జ్వరమని అబద్ధమాడి పడుకున్నాడు. ఇప్పుడు చూస్తే పక్కసీట్లోనే వచ్చి కూర్చుంది.

"పల్లెకే బయల్దేరావా అమ్మా?" అన్నాడు, ఏదో ఒకటి అనాలి గనక.

"ఆఁ, ఆఫీసుకు ఛుట్టీ పెట్టాను. నాన్న పడిన చోటు ఒక్కసారి చూసి రావాలనుంది. ఆ రోజు జనం భీడ్‌లో ఏం చూశానో నాకే గుర్తులేదు." సంచి ఒళ్ళోకి లాక్కుని అంది: "వెంటనే పోయాడట కదా చిన్నాన్నా. నొప్పి తెలియలేదట. అమ్మ ఆ ఒక్క మాట పట్టుకునే బతుకుతోంది."

ఆ రోజు రాయపూర్‌లో ఉన్న వాళ్ళమ్మకు ఆ మాట చెప్పినవాడు దుర్గారావే.

ఇక్కడ కథకు రెండు అడుగులు వెనక్కి వేయాలి. సముద్రపొడ్డు ఉద్దానంలో పుట్టినవాడికి గాలి మేనమామ లాంటిది. ఏటా రాకపోయినా వస్తాడని తెలుసు, వస్తే ఇల్లు గుల్ల చేసి పోతాడనీ తెలుసు. జీడితోటలు, కొబ్బరితోటలు తాతలు వేస్తే మనవలు కాయ తినేలోగా ఒక్క తుఫాను తుడిచిపెట్టేస్తుంది. అక్కడ వయసు అడిగితే సంవత్సరం చెప్పరు, "పెద్దగాలికి నడక నేరిసినాను" అంటారు. ఆ గాలికో గుణం ఉంది. ఒక దిక్కు నుంచి విరగబడి వీస్తుంది, చటుక్కున ఆగిపోతుంది. ఎండ పొడుస్తుంది. పిట్టలు కూడా కూస్తాయి. తెలియనివాడు హమ్మయ్య అని వాకిట్లోకి వస్తాడు. అప్పుడు ఎదురు దిక్కు నుంచి రెట్టింపు జోరుతో తిరిగి వస్తుంది. "మొదటి గాలికి ఇల్లు పోతాది, తిరుగుగాలికి మనిసి పోతాడు," అని దుర్గారావు నాయనమ్మ గంజి పోస్తూ కూడా చెప్పేది. ఆమె పెనిమిటి అలాగే పోయాడు.

పంతొమ్మిదో ఏట దుర్గారావు, సత్తిరాజు ఉద్దానం నుంచి ఒకే రైలెక్కి రాయపూర్ వచ్చి పట్టాల గ్యాంగులో చేరారు. కళింగతీరం కూలీని ఈ వరి మైదానం దాకా లాక్కొచ్చిన ఘనత ఆ పట్టాలదే; రైల్వే స్టేషన్ వెనకాల ఒక తెలుగువీధి లేని పెద్ద ఊరు ఈ దారిలో కనబడదు. నలభై ఏళ్ళు పైగా ఇద్దరూ ఒకే సుత్తి మార్చి మార్చి కొట్టారు. రిటైరయ్యాక తిల్దా అవతల ఒక చిన్న పల్లెలో పక్కపక్కనే రెండేసి ఎకరాలు కొన్నారు. కొబ్బరి మొక్కలు తెచ్చి నాటితే పల్లె పల్లెంతా నవ్వింది. కాయ కాయలేదు, అయినా కొట్టేయలేదు.

దుర్గారావు పొరుగువాళ్ళ పెంకుటిళ్ళకు ఇనుపతీగ వేసి రాళ్ళు కట్టించేవాడు. పక్కింటి ప్రేమ్‌చంద్ వెక్కిరించేవాడు: "భయ్యా, ఇక్కడ సముద్రమేది? నీ తుఫాను మా ఊరు రావాలంటే నీలాగే టికెట్ కొని రైలెక్కాలి!"

వచ్చింది. సముద్రం నుంచి కాదు. మే నెలలో ఒక మధ్యాహ్నం పడమటి పొలాల మీద ఏనుగు తొండంలా దిగింది. ఇక్కడివాళ్ళు ఆ సుడిగాలిని బవండర్ అంటారు. మూడు నిమిషాలు, మహా అయితే నాలుగు. రెండు వందల గజాల వెడల్పున గీత గీసినట్టు పోయింది. గీత లోపల పెంకు మీద పెంకు మిగల్లేదు, రేకులు కరెంటు స్తంభాలకు తమలపాకుల్లా చుట్టుకున్నాయి, కోతకొచ్చిన వేసవి వరి బురదలో కలిసింది, ఇప్పచెట్లు వేళ్ళతో లేచిపోయాయి. గీత బయట అరుగు మీద ఎండబెట్టిన మిరపకాయలు కూడా కదల్లేదు.

"చిన్నాన్నా, ఏంటలా చూస్తున్నావు?"

దుర్గారావు కండువా తీశాడు. బయట రంపం ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఇక దాచడం ఆయనవల్ల కాలేదు.

"ఎంటనే పోలేదమ్మా మీ నాన్న."

పూర్ణిమ ఆయన వైపు తిరిగింది.

"గాలి రాగానే ఆవు పలుపు ఇప్పడానికి ఎల్లాడు. మా ఊళ్ళో అంతే, కట్టేసిన గొడ్డు సస్తే పాపం మనది. ఇప్పచెట్టు ఆడి మీద పడిపోనాది. ప్రేమ్‌చంద్ వాళ్ళంతా నా స్లాబు గదిలోకి పరిగెత్తుకొచ్చీసినారు. గాలి ఆగింది. ఎండొచ్చింది. పిట్టలరిసినాయి. అదేటి? మా లెక్కలో అది రెండు గాలుల నడిమధ్య. అప్పుడు పిలిసాడు. 'ఒరే దుర్గా, కాలు ఇరుక్కుపోనాదిరా' అని."

"నువ్వేమన్నావు?"

"'ఉండ్రా, తిరుగుగాలి ఎల్లిపోనీ, ఒచ్చి తీస్తాను' అన్నాను."

"మరి నాన్న?"

"'అవున్రా, ఇప్పుడు రాకు, తలుపేసుకో' అన్నాడు. ఆడూ ఆ ఊరోడే కదమ్మా."

ప్రేమ్‌చంద్ గడియ తీయబోతే దుర్గారావు ద్వారబంధానికి రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడ్డాడు. ఏం తెలుసురా నీకు గాలి సంగతి అని తిట్టాడు. రాళ్ళు కట్టించినవాడు, తాను పోయించిన స్లాబు నిలిచినవాడు. ఆయన మాట కాదనడానికి ఆ క్షణంలో ఎవరికీ నోరు రాలేదు. ఎండ ఇంకా తెల్లబడింది. అది ఎంత తెల్లబడితే రాబోయే గాలి అంత పెద్దదని ఆయనకు నమ్మకం బలపడింది. మరొక్కసారి సత్తిరాజు గొంతు వినబడింది, "ఇంకా రాలేదేటిరా?" అని. అడిగింది గాలినో, దుర్గారావునో తెలియదు.

"ఎంతసేపు?" అంది పూర్ణిమ.

"గంట."

"గంటా?"

"కాలన్నాడు గాని, ఎల్లి సూస్తే మాను నడుం మీదుంది, పాణం పోయింది."

దుర్గారావు తల వంచుకున్నాడు. నెల రోజులుగా ఆయన కోరుకున్నది ఒక్కటే. ఎవరైనా తిట్టాలి, చెంప మీద కొట్టాలి, నా తండ్రిని నువ్వే చంపావని నలుగురిలో అరవాలి. ప్రేమ్‌చంద్ అనలేదు, "భయ్యా, మమ్మల్ని మటుకు దక్కించావు" అని కాళ్ళకు దండం పెట్టాడు. అనే హక్కున్న మనిషి ఇప్పుడు పక్కనే ఉంది.

పూర్ణిమ చున్నీతో మొహం గట్టిగా తుడుచుకుంది. ఏడుపు రెండు మూడు సార్లు వచ్చి లోపలికి పోయింది. తరవాత కిటికీ వైపు తిరిగి అంది:

"అమ్మకు చెప్పొద్దు."

"అమ్మా..."

"చెప్పొద్దంటే చెప్పొద్దు, బస్. నాన్నకు నొప్పి తెలియలేదు. మాసికానికి నువ్వు రావాలి. నువ్వే దగ్గర కూర్చుని అమ్మకు మళ్ళీ ఒకసారి చెప్పాలి, వెంటనే పోయాడని. నీ నోట వింటేనే ఆమెకు నమ్మకం."

ఇక దుర్గారావు పూర్ణిమ తల్లి, పార్వతమ్మ వదిన ఎదురుగా చాప మీద కూర్చుని, ఆమె చేతి అన్నం తింటూ, ఆ మాట నెలనెలా చెప్పాలి.

పూర్ణిమ సంచిలోంచి టిఫిన్ డబ్బా తీసింది. "ఇంత చిక్కిపోయావేం? పిన్ని పోయాక ఎవరు వండుతున్నారు నీకు?" చపాతీలో బెండకాయ కూర పెట్టి మడిచి ఆయన చేతిలో పెట్టింది. "తిను. ముందు తిను. ఊరు రాగానే ఆ చోటు నువ్వే చూపించాలి నాకు."

చపాతీ చేతిలో వెచ్చగా ఉంది. కొట్టాల్సిన చెయ్యి పెట్టింది, ఆయన దాన్ని నోటి దాకా తీసుకెళ్ళి ఆగిపోయాడు.

బయట డ్రైవరు హారన్ కొట్టాడు. జనం వెనక తలుపు దగ్గర గుంపుగా ఎక్కుతున్నారు. పూర్ణిమ నీళ్ళసీసా కోసం వంగి సీటు కింద వెతుకుతోంది. దుర్గారావు లేచాడు. ముందు తలుపులోంచి దిగి, కోసి పడేసిన కొమ్మలను దాటుకుంటూ పొలంలోకి నడిచాడు. రంపం పట్టుకున్న కూలీ ఒకడు, "కహాఁ జాథస్ బబా, గాడీ ఛూట్ జాహీ," బస్సు వెళ్ళిపోతోంది, ఎక్కడికి తాతా అని కేకేశాడు. ఆయన తల తిప్పలేదు. ఒక చేతిలో మడిచిన చపాతీ అలాగే ఉంది. ఎండిన బురదలో నిరుటి వరి మొదళ్ళు కాళ్ళకు గుచ్చుకుంటుంటే గట్టు ఎక్కి, రోడ్డుకు దూరంగా నడుస్తూ పోయాడు.