దక్షిణపు గోల్ దగ్గర మనిషి

సాయంత్రం ఐదున్నరకు పడమటికి తిరిగి నిలబడి, మీ మీదికి వస్తున్న బంతిని మీరెప్పుడైనా చూశారా? చూసి ఉండరు. చూసి ఉంటే గోల్ కాసే మా గోలీని మీరు ఆ మాట అనేవాళ్లు కాదు. అన్నవాళ్ల పక్కన కూర్చుని తల ఊపేవాళ్లు కూడా కాదు.

మా ఊరి మైదానం వేరుశనగ నూనె మిల్లు వెనక ఉంది. గడ్డి ఉండదు. ఎర్రమట్టి, గులకరాళ్లు, ఆషాఢపు గాలికి లేచే దుమ్ము, అంతే. మిల్లు మూతపడి చాలా కాలమైంది గానీ దాని గోడ గట్టిగానే ఉంది. మైదానానికి తూర్పున ఉన్న ఆ గోడే మా గ్యాలరీ. కాలేజీలో పాఠాలు చెప్పే రోజుల నుంచీ నేను దాని మీదే కూర్చుని మా ఫుట్‌బాల్ క్లబ్ ఆట చూస్తున్నాను. నా పక్కన కూర్చునేది పంక్చర్ షాపు సాయిబు. “మన టీం గోల్ కొట్టేదానికన్నా వాన పడేది సులువు సార్” అని ఆయన ప్రతి సీజన్లోనూ అంటాడు. ఎప్పుడో ఒకసారి వానైనా పడుతుందని దాని అర్థం.

మా క్లబ్ ఎందుకు ఓడిపోతుందో ఆ గోడ మీద కూర్చునే ప్రతివాడికీ తెలుసు. అధ్యక్షుడు పెద్ద భూములున్న కుటుంబం మనిషి, కాంట్రాక్టులు, రాజకీయం అన్నీ ఉన్నాయి. కార్యదర్శి ఆయన బామ్మర్ది. అధ్యక్షుడి మేనల్లుణ్ణి ఆడించలేదని మంచి కోచ్‌ను పంపించేశారు. ప్రాక్టీసు బంతులు అధ్యక్షుడి ఇంట్లో తాళం వేసి ఉంటాయి. ఆయన ఊళ్లో లేకపోతే ఆ రోజు ప్రాక్టీసు లేదు. మైదానాన్ని ఎగ్జిబిషన్లకూ మీటింగులకూ ఇస్తారు, తర్వాత మేకులు ఏరుకునేది ఆటగాళ్లే. ఇవన్నీ గోడ మీద కూర్చుని తిడతాం. ఆట అయ్యాక గోడ దిగి, అధ్యక్షుడి కారు పక్కగా పోతూ నమస్కారం పెడతాం.

ఇలా ఓడిపోతూ ఉండగా కమిటీవాళ్లకు ఒక కారణం దొరికింది. ఎక్కడి నుంచో వాస్తు చూసేవాణ్ణి పిలిపించారు. ఆయన మైదానమంతా తిరిగి, దక్షిణం వైపున్న గోల్ దగ్గర ఆగి, అది యమస్థానమన్నాడు. యముడి దిక్కున వాకిలి తెరిచిపెట్టి గెలుపు రమ్మంటే ఎట్ల వస్తాదని అడిగాడు. గోల్ పోస్టులు ఉత్తరం దక్షిణం కాదు, తూర్పు పడమర ఉండాలన్నాడు. అంతటితో వదలలేదు. ప్రతి మ్యాచ్‌నీ మనవాళ్లు తూర్పుకు తిరిగే మొదలుపెట్టాలన్నాడు.

ప్రపంచంలో ఎక్కడైనా మైదానాన్ని వీలైనంత వరకు ఉత్తర దక్షిణాలుగా గీస్తారు. దానికి కారణం యముడు కాడు, సూర్యుడు. మా మ్యాచ్‌లు ఎండ తగ్గాక నాలుగింటికి మొదలవుతాయి. మనవాళ్లు మొదట తూర్పుకు తిరిగి ఆడితే, సగం ఆట అయ్యాక వైపులు మారి, మన గోలీ పడమటికి తిరుగుతాడు. అప్పటికి సూర్యుడు దిగి సరిగ్గా కంటి ఎత్తుకు వస్తాడు. మా పడమర వైపు కొండ లేదు, చెట్టు లేదు, దూరంగా గాలిమరలు తప్ప ఏమీ లేదు. టాస్ గెలిస్తే మనవాళ్లే ఆ వైపు కోరుకునేవాళ్లు. ఓడితే ఎదుటివాళ్లు నవ్వుకుంటూ మనకు అదే ఇచ్చేవాళ్లు.

పాత పోస్టులు తీసి కొత్త చోట నాటే పని మా గోలీకే అప్పజెప్పారు. ఆయనకు బస్టాండు దగ్గర వెల్డింగ్ షాపు ఉంది, గేట్లు, కిటికీ గ్రిల్స్ చేస్తాడు. ముప్పై ఏళ్ల మనిషి, మాట తక్కువ. పోస్టులు పెకలించిన రోజు నేను అక్కడే ఉన్నాను. దక్షిణం వైపు రెండు గుంతలు మిగిలాయి. కమిటీవాళ్లు పూడ్పించలేదు. ఆ గుంతలు చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది ఫుట్‌బాల్ కాదు.

నా చిన్నప్పుడు, వరసగా వానలు తప్పిన కాలంలో, మా పల్లెలో ఒక ముసలామెను తవ్వి తీశారు. ఆమె పోయి అప్పటికే చాలా కాలమైంది. బతికున్నప్పుడు ఒళ్లంతా తెల్లమచ్చలుండేవి. అట్లాంటి మనిషిని పూడిస్తే భూమి ఒప్పుకోదని, మబ్బు తిరిగి చూడదని ఎవరో అన్నారు. ఆ ఎవరో ఎవరని ఎవరూ అడగలేదు. మా నాయన ఒక్కడే వెళ్లి అడ్డం నిలబడ్డాడు. ఆయన సంఘ సంస్కరణ సభల్లో పెరిగినవాడు, నన్నూ వాటికి తీసుకుపోయినవాడు. ఆ సభల్లో ఒక కట్టుబాటు ఉండేది. ఎదుటివాడి వాదాన్ని ముందు నువ్వే చెప్పాలి. అతను “ఔను, నేననేది అదే” అని తల ఊపాకే నీ జవాబు మొదలుపెట్టాలి. నాయన ఆ రోజు కూడా అదే పద్ధతిలో మొదలుపెట్టాడు. వాళ్ల వాదం చెప్పాడు, వాళ్లు తల ఊపారు. ఆయన జవాబు చెబుతూ ఉండగానే తవ్వడం అయిపోయింది. ఎముకలు కాల్చారు. వాన రాలేదు. గుంత మాత్రం అట్లాగే ఉండిపోయింది. మేం పిల్లలం దాని చుట్టూ తిరిగి వేరే దారిన బడికి పోయేవాళ్లం.

పోస్టులు తిప్పాక మా టీం రెండు మ్యాచ్‌లు గెలిచింది. ఒకటి ఆకాశమంతా మబ్బు కమ్మిన రోజు. ఇంకోదానికి ఎదుటి టీం బస్సు పామిడి దాటి చెడిపోయి, వాళ్లు సగంమందితో వచ్చారు. కమిటీకి ఈ రెండు గెలుపులే రుజువు. ఆ తర్వాత మబ్బులు పోయాయి. మా నేల మీద మబ్బులు పోవడం కొత్త సంగతి కాదు. రెండో సగంలో గోల్ మీద గోల్ పడ్డాయి. గోడ మీద నుంచి ఎవడో, “వానికి వాని నల్లద్దమే ఇచ్చి నిలబెట్టండప్పా, వెల్డింగ్ చేసేటప్పుడు పెట్టుకునేది” అని అరిచాడు. అందరం నవ్వాం. ఎండ సంగతి జోకుగా మా అందరికీ తెలుసు, ఓటమికి అదే కారణమని మాత్రం ఒక్కడి బుర్రకూ ఎక్కలేదు. ఆ మాటకొస్తే గోడ మీద మేం కూడా పడమటికే తిరిగి కూర్చుంటాం. రెండో సగమంతా నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకునే చూస్తాం. మాకు ఒక చెయ్యి ఖాళీ. గోలీకి రెండు చేతులూ బంతికే కావాలి.

సీజన్ చివర క్లబ్ కింది డివిజన్‌కు పడిపోయింది. వాస్తు సరిచేశాక కూడా ఓడిపోయామంటే ఇంకో కారణం చెప్పాలి కదా. పాత పోస్టులు పీకింది గోలీ చేతులే కాబట్టి ఆ చోటి దోషం ఆయన్నే పట్టుకుందన్నారు. ఆయన్ను టీం నుంచి తప్పించారు. మైదానంలో పుట్టిన మాట బజారుకు రావడానికి ఎంతసేపు? గోలీకి శనిగాడని పేరు పడింది, శనిగాడి చేతి గేటు మన వాకిలికి వద్దన్నారు. ఇస్తామన్న పని వెనక్కి తీసుకున్నారు. వెల్డింగ్ షాపు షట్టర్ సగానికి దిగింది.

క్లబ్ సర్వసభ్య సమావేశంలో నేను లేచాను. నాయన పద్ధతిలోనే ముందు అధ్యక్షుడి వాదం చెప్పాను, ఆయన తల ఊపాడు. అప్పుడు ఎండ సంగతి చెప్పి, ఒక సవాలు పెట్టాను. మీరే రేపు సాయంత్రం తూర్పు గోల్లో నిలబడండి, బడిపిల్లల చేత బంతులు కొట్టిస్తాను, సగం ఆపితే ఈ విషయం మళ్లీ ఎత్తనన్నాను.

ఆయనకు కోపం రాలేదు. “ఏం సార్, మీకు దేవుడు లేడు, మాకుండాడు. మీ దావ మీది, మా దావ మాది” అన్నాడు.

హాలంతా నవ్వింది. గోడ మీద కూర్చుని సీజనంతా ఆయన్ను తిట్టిన నోళ్లే అవి. బయటికొచ్చాక ఒకతను నా భుజం మీద చెయ్యేసి, మీరు చెప్పింది నిజమే కానీ తిప్పినాక రెండు గెలిచినాం కదా సార్, అన్నాడు. కమిటీ మీద నాకున్న కోపం ఆ క్షణంలో చిన్నదైపోయింది. వాళ్లది స్వార్థం, దానికి ఒక హద్దుంటుంది. మన తల ఊపడానికి హద్దు లేదు.

కొన్నాళ్లకు సాయిబు ఇంకో వార్త తెచ్చాడు. మైదానంలో దయ్యం తిరుగుతాందట. పొద్దు గూకే వేళకు దక్షిణం గోల్ ఉండిన చోట ఎవరో నిలబడి ఉంటారట. ఇటు కదలరు, అటు కదలరు. మిల్లు పక్క సందువాళ్లు ఆ వేళకు పిల్లల్ని లోపలికి పిలుచుకుంటున్నారట. నాకు ఇలాంటి కబురు పండగ లాంటిది. దయ్యాలను పట్టుకోవడం నాకు కొత్త కాదు. ఇప్పటి వరకు ఏ దయ్యమూ నా ముందు నిలబడలేదు.

ఇది నిలబడింది. గాలికి దుమ్ము లేచి ఎర్రగా తెర కట్టింది. దాని వెనక రెండు గుంతల మధ్య ఒక ఆకారం, చేతులు కొంచెం వెడంగా, మోకాళ్లు కొంచెం వంగి, బంతి కోసం చూస్తున్నట్టు. సాయిబు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. నేనూ ఆగాను. కొన్ని అడుగులు వేశాక పోల్చుకున్నాం. మా గోలీ. కాళ్ల దగ్గర ఒక నిమ్మకాయ.

“దయ్యమని ఊరంతా తలుపులేసుకుంటాంటే, నువ్వా నాయనా” అన్నాడు సాయిబు.

ఎవరు నిలబడమన్నారని అడిగాను. కమిటీ మనిషి తీసుకుపోతే ఆ వాస్తువాడే చెప్పాడట. దోషం యాడ పట్టిందో ఆడనే దిగాలని, అమాస దాకా పొద్దు గూకే వేళ పాత చోటే నిలబడాలని. అమాస పోయి చాన్నాళ్లయింది కదా అన్నాను.

“పోయింది సార్. ఇంకా దిగినట్టు లేదు.”

దయ్యం లేదని ఆ సాయంత్రమే సందులో అందరికీ చెప్పాను. నమ్మారు. నమ్మి, దయ్యం కాదు శనిగాడేనట అని మళ్లీ తలుపులేసుకున్నారు.

మరుసటి రోజు ఐదింటికి ఆయన్ను మైదానానికి రమ్మన్నాం. సాయిబు షాపులోంచి ఒక పాత బంతికి గాలి కొట్టి తెచ్చాడు. మొదట తూర్పు గోల్లో నిలబెట్టి, ఏం కనిపిస్తోందని అడిగాను. తెల్లగా ఉండాదన్నాడు, అంతే. నేను కొట్టిన బంతి ఆయన పక్క నుంచే పోయింది, చెయ్యి ఆలస్యంగా లేచింది. తర్వాత పాత దక్షిణపు చోటుకు తీసుకుపోయాం. అక్కడ ఎండ పక్క నుంచి పడుతుంది. సాయిబు మోకాళ్ల నొప్పితో కొట్టినవీ, నేను కొట్టినవీ అన్నీ పట్టాడు. ఒకదానికి గాలిలో అడ్డంగా ఎగిరాడు. ఆ ఒక్క క్షణం పాత మనిషి కనిపించాడు. నా గుండె నిండింది. అప్పుడు కట్టుబాటు ప్రకారం ఆయన వాదం నేనే చెప్పాను. తూర్పు గోల్లో నీకు బంతి అందలేదు, కాబట్టి నీకు దోషం ఉంది, ఇదేనా నువ్వనేది? తల ఊపాడు. జవాబు చెప్పాను. మనిషి అదే, బంతి అదే, కళ్లు అవే, మారింది ఎండ ఒక్కటే.

ఆయన శ్రద్ధగా విన్నాడు.

“నేననేదీ అదే కదా సార్. ఆడ నాకు కనపడదు, ఈడ కనపడతాది. ఆ చోటు నన్ను ఒప్పుకోలేదు.”

వెళ్లి తూర్పు గోల్లో నేనే నిలబడ్డాను. సాయిబు కొట్టిన బంతి నా ఛాతీకి తగిలాక గానీ వచ్చిందని తెలియలేదు. నాకూ కనపడలేదప్పా అన్నాను. మీరు కళ్లద్దాల మనిషి సార్, మీకు యాడైనా అంతే, అన్నాడు గోలీ. సాయిబు నిలబడ్డాడు. ఆయనకూ కనపడలేదు. మామకు వయసైందన్నాడు. సాయిబు నవ్వాడు, నేనూ నవ్వబోయాను. గోలీ నవ్వలేదు. పొద్దు గూకుతోందని చెప్పి, నిమ్మకాయ తీసుకుని గుంతల వైపు నడిచాడు.

ఇప్పటికీ నిలబడుతున్నాడు. నేను నాయన లాగే మాట్లాడుతున్నాను, గుంత అట్లాగే ఉంది. కళ్లు మూసుకుంటే ఆ ఎర్రటి దుమ్ములో ఒక్కోసారి ఆయన కనిపిస్తాడు, ఒక్కోసారి నేను ఎన్నడూ ముఖం చూడని ఆ ముసలామె.

ఒక ముసలి మేష్టరు, ఒక ముసలి సాయిబు చాలరు. ఆయన తలలో ఊరు దూరి కూర్చుంది, ఊరే వచ్చి దిగాలి. అందుకే ఇది మీకు రాస్తున్నాను, గోడ మీది మీకు, హాల్లో నవ్విన మీకు, గేటు వద్దన్న మీకు. ఏ సాయంత్రమైనా సరే, ఐదున్నరకు రండి. తూర్పు గోల్లో నిలబడండి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకోకండి, పక్కవాణ్ణి బంతి కొట్టమనండి. ఆ తర్వాత నేరుగా అధ్యక్షుడి ఇంటికి పోయి, పోస్టులు పాత చోటే నాటమని అడగండి, నాటే దాకా లేవకండి. కానీ ముందు దక్షిణానికి నడవండి. ఆయన ఎదురుగా నిలబడి, “నాకూ కనపడలేదు” అని చెప్పండి. చెప్పి, చెయ్యి పట్టుకుని ఆయన్ను ఆ గుంతల మధ్య నుంచి బయటికి తీసుకురండి.