నేను ఏడవని రోజు

నాకు నాలుగేళ్లప్పుడు జ్వరమొస్తే, ఆసుపత్రిలో చూపిస్తామని అనాథాశ్రమం వాళ్ళు జీపులో తీసుకెళ్ళారు. మళ్ళీ మా లంబాడీ తండాకు పంపలేదు. మీ అమ్మే నిన్ను వదిలేసిందన్నారు. అక్కడ మా భాష నోట్లోంచి వస్తే వేళ్ళ కణుపుల మీద స్కేలు పడేది. ఏడ్చినా పడేది. రెండూ మానేశాను. చదువుకున్నాను, డాక్టర్నయ్యాను, ఐర్లాండ్ వచ్చి ట్రాలీ అనే ఊళ్ళో ఆసుపత్రి ఉద్యోగంలో చేరాను. వదిలేసిన తల్లి మీద కోపం మాత్రం నలభై ఏళ్లు భద్రంగా దాచుకున్నాను.

కరోనా రెండో ఏడు, ఆశ్రమంలో నాతో పెరిగిన స్నేహితురాలు పాత రిజిస్టరులో మా తండా పేరు పట్టుకుంది. వారంలో తమ్ముడు దొరికాడు. నన్ను తీసుకెళ్ళాక పుట్టినవాడు.

"యాడి నిన్ను ఇయ్యలేదక్కా. ఎత్కపోయిన్రు. ఏండ్లకేండ్లు ఆ ఆశ్రమం గేటు కాడ్నే కూసున్నది," అన్నాడు. యాడి అంటే అమ్మ. ఆ ఒక్క మాటే నాకు గుర్తుంది. ఆమెకిప్పుడు దగ్గు, జ్వరం అని కూడా చెప్పాడు.

ఇక్కడ సెలవులు రద్దు. మధ్యాహ్నం వార్డు పక్క గదిలో కూర్చుని, మాస్కు దించి వీడియో కాల్ చేశాను. నన్ను చూడగానే ఆమె కొంగు తలమీదికి లాక్కుని, ఫోన్ రెండు చేతులా పట్టుకుని రాగం తీస్తూ ఏడవడం మొదలుపెట్టింది. మాటలు అర్థం కాలేదు. నాకు కనబడినవి ఎగిరిపడుతున్న డొక్కలు, నీలం తిరిగిన పెదాలు. ఆ ఏడాదంతా అవే చూశాను మరి.

"ఏడవొద్దని చెప్పు. ఆయాసం పెరుగుతుంది. వేలికి ఆక్సిమీటర్ పెట్టు," అన్నాను తమ్ముడితో.

ఆమె ఠక్కున ఆగిపోయింది. కాసేపు నా ముఖంలోకి చూసి, వేలు చాపింది. ఆక్సిజన్ ఎనభై రెండు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళమన్నాను. అమ్మ ఎలా ఉందని నర్సు అడిగితే "గ్రాండ్" అన్నాను, బాగానే ఉందని. ఇక్కడ ఏం జరిగినా అదే అంటాం.

సాయంత్రం తమ్ముడు చెప్పాడు. మా ఆడవాళ్ళు చాన్నాళ్ళకు కలిస్తే మెడలు వాటేసుకుని రాగంతో ఏడుస్తారట. ఒకరు మొదలుపెడితే రెండోవాళ్ళు బదులు ఏడవాలట.

"మాటలు రాకున్నా ఏం గాదక్కా. ఊకె ఏడ్సినా సాలు."

ఆ తర్వాత ఎన్నిసార్లు కాల్ చేసినా ఆమె ఫోన్ దగ్గరికి రానంది. ఐదో రోజు ఆసుపత్రిలోనే పోయింది. నా గురించి ఏమన్నా అందా అని తమ్ముణ్ణి పీడించాను. చివరికి చెప్పాడు.

"డాక్టరమ్మ మంచిదే అన్నదక్కా. నా బిడ్డ మాత్రం కాదు, నా బిడ్డయితే ఏడ్సేది అన్నది. బిడ్డను ఎతుకుడు ఆపనని నాతోని ఒట్టేయించుకున్నది."