సీతాఫలం ఐస్‌క్రీమ్ అడిగిన రోజు

మొన్న మిర్యాలగూడలో ఒక పెళ్ళికి వెళ్తే, భోజనాలయ్యాక ఐస్‌క్రీమ్ కప్పు చేతిలో పెట్టారు. చెక్క చెంచా నాలుకకు గరుకుగా తగలగానే ఒళ్ళు ఝల్లుమంది. పక్కనున్న మా ఆడపడుచు పన్ను గుంజిందా వదినా అని అడిగింది. పన్ను కాదు, మనిషి గుర్తొచ్చింది. కరుణమ్మ టీచర్. నేరేడుచర్ల దగ్గర ఒక తండాలోని మా బడికి ఆమె హెడ్‌మిస్ట్రెస్, నేను కొత్తగా చేరిన టీచర్ని. ఉన్నది మేమిద్దరమే కాబట్టి పిల్లలు ఆమెను పెద్ద టీచర్ అని, నన్ను చిన్న టీచర్ అని పిలిచేవారు. ఎత్తులో చూస్తే మాత్రం ఆమె నా భుజం దాకా వచ్చేవారు, అంతే.

ఆమెది కోదాడ. రోజూ బస్సు దిగి, షేర్ ఆటో ఎక్కి, చంకలో గొడుగుతో బడికి వచ్చేవారు. తండా పిల్లలు ఇళ్ళలో లంబాడీ మాట్లాడతారు. ఆమెకు ఆ భాష సరిగా రాదు. అయినా సిగ్గుపడకుండా వచ్చీరాని మాటలతోనే పిల్లలను పలకరించేవారు. వాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వుతుంటే తనూ నవ్వేవారు. ఒక హెడ్‌మిస్ట్రెస్ ఇలా నవ్వులపాలవడం నాకు చిన్నతనంగా ఉండేది.

అసలు సంగతేమిటంటే నేనూ తండా బిడ్డనే. మాది మఠంపల్లి వైపు. లంబాడీ నా తల్లి భాష. చిన్నప్పుడు హాస్టల్లో నేను నోరు తెరిస్తే తోటివాళ్ళు నవ్వేవారు. పంతం పట్టి తెలుగు నేర్చుకున్నాను, చదువుకున్నాను, ఉద్యోగం తెచ్చుకున్నాను. అందుకే చేరిన మొదటి రోజే పిల్లలను నిలబెట్టి, గేటు దాటి లోపలికొస్తే తెలుగే మాట్లాడాలని చెప్పేశాను. నేను కూడా బడిలో ఒక్కరోజైనా లంబాడీ మాట్లాడలేదు. పిల్లలకు మేలు చేస్తున్నానని మనస్ఫూర్తిగా నమ్మాను. పెద్ద టీచర్ విన్నారు, ఏమీ అనలేదు.

నా రెండో ఏడాదిలో ఒకటో తరగతికి నందిని అనే పిల్ల వచ్చింది. జూన్‌లో చేరితే నవంబర్ దాకా బడిలో ఒక్క మాట మాట్లాడలేదు. పలక ఇస్తే పట్టుకునేది, లేవమంటే లేచేది. బతిమాలాను, కసిరాను, చివరికి ఈ పిల్లకు చదువు రాదని తేల్చేసుకున్నాను. ఒకరోజు వాళ్ళ నాన్న వచ్చాడు.

"ఇంట్ల ఒక్క నిమిషం నోరు మూయది టీచరమ్మా. బడికొస్తే బొమ్మలెక్క కూసుంటదంట. ఇగ ఎందుకు? పేరు తీసెయ్యిండ్రి, మేకలెంట పోతది" అన్నాడు.

ఇంట్లో నోరు మూయదన్న మాట విని కూడా నాకు ఏమీ తట్టలేదు. సరేనని రిజిస్టరు తీశాను. నిజం చెప్పాలంటే ఒక బరువు దిగినట్టే అనిపించింది. పెద్ద టీచర్ వచ్చి ఆ రిజిస్టరు మూసేశారు. వచ్చే వారం పిల్లలను చార్మినార్‌కు తీసుకెళ్తున్నామని, నందిని కూడా వచ్చి వెళ్ళాక పేరు సంగతి చూద్దామని ఆయనను ఒప్పించి పంపారు.

ఆ ప్రయాణం ఆమె ఏటా చేసేదే. సూర్యాపేట దాకా వ్యానులో పాటలు, అక్కడి నుంచి వాంతులు. పాతబస్తీలో దిగగానే పిల్లలకు చూపించాల్సినవి, అడగాల్సిన ప్రశ్నలు నేను ముందే కాగితం మీద రాసుకున్నాను. బాగా చెప్పిన వాళ్ళకు చివర్లో ఐస్‌క్రీమ్ అని నా ఆలోచన. ఆమె పద్ధతి వేరు. ముందు ఐస్‌క్రీమ్, తర్వాతే చార్మినార్. ఆశ మిగిలిపోతే పిల్లలు కప్పుల వైపే చూస్తారు కానీ తలెత్తి మినార్లు చూడరనేవారు. ఇంకో పద్ధతి కూడా ఉంది. ఎవరికి ఏది కావాలో వాళ్ళే కౌంటర్ దగ్గర నిలబడి అడగాలి. టీచర్లు అడగకూడదు.

గాజుల దుకాణాల వెనక సందులో పాత ఐస్‌క్రీమ్ కొట్టు అది. పండ్ల గుజ్జుతో చేస్తారు. మావాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళి, సపోటాపండుదని, జామపండుదని అడిగి, యుద్ధం గెలిచినంత గర్వంగా కప్పులు తెచ్చుకున్నారు. నందిని వంతు వచ్చింది. కౌంటర్ అంచుకు దాని కళ్ళు అందాయి, నోరు మాత్రం పెగల్లేదు. వెనక లైను పెరుగుతోంది. ఒకామె "జల్దీ బేటా" అంది. కొట్టతను నా వైపు చూశాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఏదో ఒకటి ఇచ్చెయ్యమని చెయ్యి చాపాను. పెద్ద టీచర్ నా మణికట్టు పట్టుకున్నారు.

"నువ్వాగు. అది ఆ పిల్లే అడగాలి. సాయం చేస్తానంటే ఎట్లా చెయ్యాలో నీకే తెలుసు. నాకు రాదు" అన్నారు మెల్లగా.

నా ముఖం వేడెక్కిపోయింది. అంతమంది మధ్య, పిల్లలందరి ముందు, మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఏం కావాలి తల్లీ అని మా భాషలో అడిగాను. నందిని నన్ను అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. ఆ తర్వాత ఇక ఆగలేదు. సీతాఫలంది కావాలంది. వాళ్ళమ్మ గుట్ట మీంచి గంపెడు తెస్తుందంది. మరి ఇందులో గింజలు ఎవరు తీశారు, ఒకటి ఉండిపోయి గొంతులో పడితే ఎట్లా అని అడిగింది. కొట్టతనికి తెలుగులో చెప్పాను. తన తల్లే రోజూ పొద్దున్నే కూర్చుని తీస్తుందని అతను నవ్వాడు. అది నందినికి మా భాషలో చెప్పాను. అప్పటికి మిగతా పిల్లలు నా చుట్టూ మూగి, చిన్న టీచర్ మనలెక్కనే మాట్లాడుతదని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు.

కొట్టు గోడ వారన అందరం వరసగా కూర్చుని తిన్నాం. పెద్ద టీచర్ చీర కొంగు మీద ఒలకబోసుకుని, పిల్లలతో పాటు కప్పు అడుగు దాకా గీరుకుని తిన్నారు. నా ప్రశ్నల కాగితం సంచీలోనే ఉండిపోయింది. చార్మినార్ దగ్గర ఆ రోజు ప్రశ్నలన్నీ నందినే అడిగింది.

రెండేళ్ళుగా చూస్తూ కూడా నాకొక మాట ఎందుకు చెప్పలేదని తిరుగు ప్రయాణంలో ఆమె మీద కోపం చేశాను. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. "చెబితే ఆ రూలు తీసేసేదానివి. అంతే. నీ నోరు మాత్రం తెరిచేదానివి కాదు" అన్నారు.

సోమవారం నందిని నాన్న వచ్చాడు. పేరు తీయలేదని, తీయనని మా భాషలోనే చెప్పాను. ఆయన మెల్లగా అదే భాషలో అన్నాడు. నేను వాళ్ళ మనిషినేనని ఊళ్ళో అందరికీ తెలుసట. వాళ్ళతో మాట్లాడటం నాకు ఇష్టం లేదని అనుకున్నారట. ఇన్నేళ్ళలో నన్ను ఎవరూ అంత గట్టిగా తిట్టలేదు.

పెద్ద టీచర్ నిరుడు రిటైరయ్యారు. నందిని ఇప్పుడు ఐదో తరగతి, కాసేపు నోరు మూసుకోమని నేనే బతిమాలుకోవాల్సి వస్తోంది. ఒకటో తరగతిలోకి వచ్చే ప్రతి పిల్లనూ ముందు లంబాడీలోనే పలకరిస్తాను. సూర్యాపేటలో నా ఇంట్లో కూడా నందిని ఈడుదే నా కూతురు ఉంది. దానికి ఆ భాష రాదు, నేనే రానివ్వలేదు. మా అమ్మ ఫోన్ చేసి లంబాడీలో పలకరిస్తే ఎట్లాగో రెండు మాటలు అని, మూడో మాటకు ఫోన్ నా చేతికిచ్చేది. ఇప్పుడు ఇవ్వబోతే తీసుకోవడం లేదు. అవతల మా అమ్మ ఎదురుచూస్తుంటుంది, ఇవతల ఇది మాట కోసం వెతుక్కుంటుంటుంది. జవాబు నా నోటి దాకా వస్తుంది. ఆగుతున్నాను.