పొడుగు మెడ గిటారుకు నా కొడుకే చెయ్యెత్తాడు

నేను సారమ్మను, డెబ్బై దాటిన దాన్ని. వరంగల్‌లో కొడుకు యోహాను, కోడలు మార్తతో ఉంటున్నాను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మార్త రాస్తోంది.

ఈ రోజు ఆరాధన అయ్యాక, పాటల బృందానికి కరెంటు బేస్ గిటారు ఏది తెప్పించాలో తేల్చడానికి పెద్దలు కూర్చున్నారు. సికింద్రాబాద్ దుకాణం పంపిన బొమ్మల పుస్తకంలో ఒకే కంపెనీవి రెండున్నాయి. ఒకటి పొడుగు మెడది, ఒకటి పొట్టిది. వాయించాల్సింది యోహానే. మెడ మీద తీగలు నొక్కాల్సింది ఎడమ చేత్తోనే, మిల్లులో వాడి ఎడమ చిటికెన వేలు తెగిపోయింది.

మా సంఘంలో చేతులెత్తేది మగవాళ్లే. అయినా నేను చాప మీది నుంచి లేచాను.

"పొట్టిది తెప్పియ్యున్రి. పొడుగుదాని మీద వాని చెయ్యి అందది."

"నువ్వు జర కూసో, సారమ్మత్తా," అన్నాడు పెద్ద దానియేలు. "పొట్టిది పిల్లల ఆటసామాను లెక్కున్నది. నలుగురు నవ్వరా?"

"కొనేది చూసేటందుకా, వాయించేటందుకా?"

పొడుగుదానికే చేతులు లేచాయి. నా కొడుకు కూడా, ఎడమ చెయ్యి జేబులో దాచుకుని, కుడి చెయ్యి ఎత్తాడు.

ఇంటికొచ్చే దారిలో వాణ్ణి నిలదీశాను.

"అందరి ముందట నా చెయ్యి సంగతి ఎందుకు తీసినవ్ అవ్వా?" అన్నాడు.

రేపు దుకాణానికి ఉత్తరం పోస్టులో పడుతుంది. వచ్చిన గిటారును ఇంకెవరో వాయిస్తారు, వీడు కూర్చుని వింటాడు. నేను నోరు మూసుకుని ఉండాల్సిందా? చదివినవాళ్లు చెప్పండి.

సారమ్మ వేలిముద్ర.
సాక్షులు: కోడలు మార్త, పక్కింటి రత్నమ్మ.
యోహాను సంతకం పెట్టనన్నాడు.