చెల్లె ఊపిరికి బాపు చెవి పెట్టిన రోజు

మా చిన్నప్పుడు... బాపు నైట్ షిఫ్టు దిగొచ్చిన ఉదయం క్వార్టర్‌లో అందరం గుసగుసలే. అమ్మ గిన్నె కూడా చప్పుడు కాకుండా దించేది. నేను గంట కొట్టకుండానే దీపానికి దండం పెట్టుకునేదాన్ని.

అలాంటి ఒక ఉదయం జలుబుతో బడికి పోని ఆరేళ్ల చెల్లె లత, బాపు పక్కన పడుకుంది. నోరు తెరుచుకొని గురక... ఎప్పటిలాగే.

కాసేపటికి బాపు దిగ్గున లేచి కూర్చున్నాడు. గురక ఆగింది మరి. బొగ్గుబాయిలో పైకప్పును కర్రతో తట్టి, చప్పుడు తేడా ఉంటే కూలుతుందని దాని కింద నిలబడని మనిషి ఆయన. లత ముక్కు దగ్గర చెవి పెట్టి, నన్ను పిలిచాడు.

"ఊపిరి ఆగుతాంది... మల్ల గుంజుకుంటాంది. రోజూ గిట్లనేనా బిడ్డా?"

"రోజూ గిట్లనే బాపూ" అన్నాను.

బాపు అప్పుడే లతను దవాఖానకు తీసుకుపోయాడు. ముక్కు వెనక కండ పెరిగింది, అడినాయిడ్స్ అంటారు, ఆపరేషన్ చేసి తీసేయాలన్నాడు డాక్టరు. చెవులు కూడా మందగించాయన్నాడు. పిలిస్తే పలకదని ముందురోజే దానికి రెండు తగిలించాను నేను...

ఇంటికొచ్చి చెబితే బాపు వాళ్లమ్మ, మా అవ్వ, అంతెత్తున లేచింది. "కోసుడే పనా వాళ్లకు? పిల్ల గొంతు పోతే ఎవడు తెచ్చిస్తడు? వాని మొఖం మీద నాకు నమ్మకం లేదు."

"నువ్వు వాని మొఖం సూడనే లేదు గదనే అవ్వా!" అన్నాడు బాపు. నమ్మకం ఆయనకూ లేదు. మధ్యాహ్నం నన్ను తోలుకొని మళ్లీ పోయాడు.

"మత్తు దిగెదాక పిల్ల కాడ ఎవరుంటరు సారు? రక్తం ఆగకుంటే ఏం చేస్తరు? కొన్నాళ్లు మందులేసి సూస్తే?"

డాక్టరు అన్నింటికీ జవాబిచ్చాడు. బాపు మళ్లీ మొదటినుంచి అడిగాడు.

"ఇప్పుడే చెప్పాను కదయ్యా!"

"బాయిల కప్పు గూడ ఒక్కసారి తట్టి ఊకోం సారు."

డాక్టరు నవ్వాడు. అన్నీ మళ్లీ చెప్పి, తనూ అడిగాడు... ఇంట్లో ఎవరికైనా రక్తం తొందరగా ఆగని గుణం ఉందా? పాపకు పళ్లేమైనా ఊగుతున్నాయా?

ఆ సాయంత్రం ఇంట్లోవాళ్లంతా అరుగు మీద కూర్చుని తేల్చారు. జలుబు పూర్తిగా తగ్గాకే ఆపరేషన్. ఊగే ముందుపన్ను సంగతి డాక్టరుకు చెప్పాలి. మత్తు దిగేదాకా అమ్మ లత మంచం పక్కనుంచి కదలొద్దు. ఆపరేషన్ అయ్యేదాకా లత పక్కన నేను పడుకోవాలి... ఊపిరి ఆగితే లేపాలి.

ఆపరేషన్‌తో పోతుందని అవ్వ భయపడ్డ లత గొంతు ఇప్పటికీ ఖంగుమంటుంది. కానీ ఇప్పుడు ఎవరి గది వారిది... తలుపులు మూసి ఉంటాయి. మీ ఇంట్లో మీ ఊపిరికి చెవి పెట్టి కూర్చున్నది ఎవరు?